జూన్ 15న ఎవరొస్తారు?

జూన్ 14 వచ్చిందంటే మా ఆఫీసులో రెండు రకాల మనుషులు కనిపిస్తారు. కాన్ఫరెన్స్ రూమ్‌లో వేసిన మంచాల మీద పడుకుని రక్తమిచ్చి, జ్యూస్ తాగి, సర్టిఫికెట్ పట్టుకుని ఫొటో దిగేవాళ్లు ఒకరు. కాఫీ మెషీన్ దగ్గర నిలబడి "అంతా షో" అని పెదవి విరిచేవాళ్లు ఇంకొకరు. ఈ రెండో రకంలో పుస్తకాలు చదివేవాళ్ల సంఖ్య కాస్త ఎక్కువే. (మనవాళ్లే అన్నమాట.)

ఆ రోజు ప్రపంచ రక్తదాతల దినం. రక్తంలో గ్రూపులున్నాయని కనిపెట్టిన కార్ల్ లాండ్‌స్టైనర్ 1868లో పుట్టిన తేదీ అది. మన దేశానికి అక్టోబర్ 1న ఇంకో రక్తదాన దినం కూడా ఉంది.

పెదవి విరిచేవాళ్లది పాత వాదమే. గిరాకీ పోతుందన్న భయంతో ధరలో మోసం చెయ్యని కొట్టువాడి గురించి కాంట్ చెప్తాడు. వాడు చేసింది సరైన పనే, కానీ అందులో నీతి విలువేమీ లేదంటాడు. ఫొటో కోసం ఇచ్చిన రక్తం కూడా అలాంటిదేనని వీళ్ల లెక్క. నాకు ఈ వాదం సగమే ఒప్పుతుంది. ఆపరేషన్ బల్ల మీద ఉన్న మనిషికి, తనకెక్కుతున్న 350 మిల్లీలీటర్లు ఎవరి గొప్ప కోసం ఇచ్చినవైతేనేం?

మిగతా సగం మాత్రం కొట్టిపారేయలేను. రిచర్డ్ టిట్మస్ 1970లో 'ది గిఫ్ట్ రిలేషన్‌షిప్' అని ఒక పుస్తకం రాశాడు. డబ్బుకి రక్తం అమ్ముకునేవాడికి తన జబ్బు దాచుకోవాల్సిన అవసరం ఉంటుంది, ఊరికే ఇచ్చేవాడికి ఉండదు అన్నది అందులో ముఖ్యమైన మాట. మన దగ్గరా సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పు వల్ల రక్తం అమ్మకం 1998 నుంచి ఆగింది. మరి చప్పట్లు కూడా ఒక రకం కూలీ అయితే? టీమంతా వరసలో నిలబడ్డప్పుడు, "మొన్నటిదాకా జ్వరమండీ, ఏవో మందులు వాడాను" అని ఫారంలో నిజం రాసి వెనక్కి రావడానికి కాస్త గుండెధైర్యం కావాలి. హిమోగ్లోబిన్ 12.5 లేదని ఒకమ్మాయిని తిప్పి పంపితే, సీటుకొచ్చి ఏదో తప్పు చేసినట్టు కూర్చోవడం చూశాను. 'దినం' అనే హడావుడికి ఈ చిన్న అన్యాయం కనిపించదు.

అయినా సరే, నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఉద్దేశాల సంగతి కాదు, తేదీల సంగతి.

జూన్ 14న తీసిన రక్తంలోంచి వేరుచేసిన ఎర్రకణాలు ఎంత జాగ్రత్తగా దాచినా 42 రోజులు, అంటే జూలై 26 దాకా పనికొస్తాయి. ప్లేట్‌లెట్లయితే అయిదు రోజులే. వానలు పడి డెంగీ ముదిరే రోజులకి ఆ క్యాంపు ప్లేట్‌లెట్లు ఒక్కటీ మిగలవు. తలసీమియా ఉన్న పిల్లలకి రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, అది బతికినన్నాళ్లూ ఉండే అవసరం. కాలేజీలకి సెలవులిచ్చే ఎండాకాలంలో రక్తమిచ్చేవాళ్లు తగ్గిపోతారు, పిల్లల అవసరం మాత్రం తగ్గదు. సర్వర్లు చూసుకునేవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది: రోజూ ఉండే లోడ్‌ని ఏడాదికి రెండు స్పైకులతో తీర్చాలని చూస్తున్నాం.

ఇచ్చేవాడికీ ఒక క్యాలెండర్ ఉంది. మగవాళ్లు 90 రోజులు, ఆడవాళ్లు 120 రోజులు ఆగితే మళ్లీ ఇవ్వొచ్చు. జూన్ 14న ఇచ్చినవాళ్లకి ఆ రోజు సెప్టెంబర్ 12, లేదంటే అక్టోబర్ 12. ఆ రెండు తేదీలకీ బ్యానర్ లేదు, జ్యూస్ లేదు, హెచ్చార్ మెయిల్ లేదు.

మన పాతవాళ్లు కర్మల్ని నిత్యమనీ, నైమిత్తికమనీ విడదీశారు. సంధ్యావందనం నిత్యం, గ్రహణ స్నానం నైమిత్తికం. రెండోది చేశానని మొదటిది మానేస్తానంటే ఏ శాస్త్రమూ ఒప్పుకోదు. మన కథల్లో దాతలు మాత్రం ఎక్కువగా ఒక్క మహా క్షణం మనుషులే. శిబి తొడ కోసిచ్చాడు, బలి మూడడుగులిచ్చాడు. మూడు నెలల తర్వాత మళ్లీ తొడ కోయించుకోవడానికి వచ్చాడా అని శిబిని ఎవరూ అడగరు. కర్ణుడి కథలో మాత్రం ఒక వివరం ఉంది, మనం పట్టించుకోం. సూర్యోపాసన వేళ ఎవరేం అడిగినా ఇస్తాడన్నది అతని వ్రతం. ఇంద్రుడు సరిగ్గా ఆ వేళ చూసుకునే వచ్చాడు. అంటే కర్ణుడికీ దానానికో సమయం ఉంది, కానీ అది రోజూ వచ్చే సమయం. ఇక కోనసీమ లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారికైతే ఆ వేళ కూడా లేదు. అర్ధరాత్రి తలుపు తట్టినా పొయ్యి వెలిగించేవారని చెప్పుకుంటారు.

పరోపకారం ఎప్పుడు, ఎంత చెయ్యాలన్నది మనిషి విచక్షణకే వదలాలని కూడా అదే కాంట్ అంటాడు. ఆ వెసులుబాటు న్యాయమే, మనమెవరం సీతమ్మగారం కాము. కానీ ఆ వెసులుబాటుని తేదీ నిర్ణయించేవాళ్లకి అప్పగించేశాం. సంవత్సరానికో రోజు వాళ్లు గుర్తుచేస్తారు, మిగతా 364 రోజులు గుర్తుచెయ్యలేదన్న ధీమాతో గడుస్తాయి.

దీనికి ఒక అభ్యంతరం ఉంది, తేలికైనదేమీ కాదు. తొంభై రోజులకోసారి ఫోన్ చేసి పిలిపిస్తే అది ఇంక దానమా, ఈఎమ్‌ఐయా? దానంలో ఉండే స్వేచ్ఛ, ఆ క్షణంలో పుట్టే దయ, అవన్నీ పోవా? పోవచ్చు. ఇచ్చేవాడి వైపు నుంచి చూస్తే అది నష్టమే.

పుచ్చుకునేవాడి వైపు వెళ్లి చూడండి. ఇప్పటికీ చాలా ఆసుపత్రుల్లో ఒక యూనిట్ కావాలంటే బదులుగా ఒక దాతని తెచ్చుకోమంటారు. ఊరు వదిలి నగరానికి బతకడానికొచ్చిన తండ్రి మూడు వారాలకో కొత్త మనిషిని ఎక్కణ్ణుంచి తెస్తాడు? మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వస్తుంటుంది. 'అర్జెంట్, బి నెగెటివ్', పాప వయసు, ఫోన్ నంబరు, కింద రెండు చేతులు జోడించిన బొమ్మ. మొదటిసారి నలభైమంది ఫార్వర్డ్ చేశారు. మూడోసారి ఎవరో "మొన్నే పెట్టారు కదండీ ఇది" అన్నారు.

మొన్నే పెట్టారు, నిజమే. ఆ పాపకి మళ్లీ రక్తం కావాల్సొచ్చింది. బ్లడ్ బ్యాంకులో ముందే సంచీ ఉండుంటే ఆ తండ్రి ఎవరికీ చేతులు జోడించనక్కర్లేదు, ఎవరిచ్చారో ఆయనకి తెలియను కూడా తెలియదు. ఈసారి జూన్ 14న క్యాంపు పెట్టేవాళ్లని ఒకటే అడుగుదామనుకుంటున్నాను: సర్టిఫికెట్ మీద ఆ రోజు తేదీ పక్కనే, ఎవరికి ఏది వర్తిస్తే అది, సెప్టెంబర్ 12 అనో అక్టోబర్ 12 అనో కూడా వెయ్యమని.