ఎపఫ్రొదితును చేర్చుకొనుడి

ధ్యానభాగము: ఫిలిప్పీయులకు 2:25–30



ఫిలిప్పీ సంఘము వారు చెరలోనున్న పౌలునకు కానుక పంపదలచి ఎపఫ్రొదితును దూరదేశమునకు పంపిరి. అతడక్కడ జబ్బుపడి చావు దగ్గరకు వెళ్లెను. రాత్రులు అతనిచెంత కూర్చుండి నీళ్లు త్రాగించినదెవరో పౌలు వ్రాయలేదు. ఒక్క సంగతి మాత్రము వ్రాసెను: తన జబ్బు వార్త ఇంటి సంఘమునకు తెలిసినదని ఆ రోగి మిగుల దిగులుపడెను.

ఈ భాగము చదివినప్పుడెల్ల కువైట్ వెళ్లిన మన అక్కచెల్లెండ్రు జ్ఞాపకమునకు వచ్చుచున్నారు. 2006లో కొల్లేటి చేపల చెరువుల గట్లు కొట్టివేయబడినప్పుడు బ్రతుకుతెరువు పోయిన ఇండ్లు కొన్ని, అప్పులతోను పిల్లల పెండ్లిండ్లతోను క్రుంగిన ఇండ్లు కొన్ని. కైకలూరు, ఏలూరు, తాడేపల్లిగూడెము ప్రక్కల అక్కడికి ఇంటిపనికి మనిషిని పంపని సంఘము అరుదు.

లంక గ్రామపు సహోదరి యొకతెకు అక్కడ పక్షవాతము వచ్చెను. కొట్టిన యజమాని ఇల్లు విడిచి, ఆమె బయట పనులు చేసికొనుచుండెను. ఆ దేశమున పరదేశుల వైద్య బీమా నివాసపు అనుమతితో ముడిపడి యున్నది. అకామా పోయినచో బీమాయు పోవును. ఆసుపత్రిలో ప్రాణము దక్కెను గాని మంచము మీది మనిషిని తరువాత చూచువారెవరు? జీతమిచ్చి నర్సును పెట్టుకొను శక్తి ఎవరికిని లేదు. ఆరుగురు కాపురముండు గదిలో మన తెలుగు స్త్రీలే పని నుండి వచ్చి వంతులవారీగా ఒళ్లు తుడిచిరి, గంజి పోసిరి. ఆమె మాత్రము ఫోనులో "ఇంటికి చెప్పవద్దు" అని బ్రతిమాలెను. ఎపఫ్రొదితు దిగులే అది!

మనమేమి చేసితిమి? ప్రార్థించితిమి, మంచిదే. అయితే ఎవరినడుగవలెనో తెలియక రెండు వారములు తిరిగితిమి. పాస్‌పోర్టు నకలు గాని, ఆమె యుండు గది గుర్తు గాని ఇంటిలో లేకపోయెను. వెళ్లినవారి ఇండ్లలో ఈ కాగితములను నేడే వెదకి బైబిలులో పెట్టుకొనుడి. అవి దొరికిన తరువాతనే భారత రాయబార కార్యాలయమునకును, 2015లో ప్రారంభమైన మదద్ ద్వారాను అర్జీ పెట్టగలిగితిమి. దిక్కులేనివారి కొరకు 2009లో ఏర్పడిన భారతీయ సమాజ సంక్షేమ నిధి యొకటి కలదని అప్పుడే వింటిమి. ప్రయాణమునకు తగియున్నదని వైద్యుని చీటీ లేనిదే అట్టి రోగిని విమానము వారు ఎక్కించుకొనరు. స్ట్రెచరు కావలెనన్న అనేక సీట్ల చోటు, వెంట ఒక మనిషి.

పదవ తరగతి చదువనివారు ప్రభుత్వ అనుమతితో వెళ్లినచో ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేండ్లకు 275 రూపాయలును పన్నును కట్టినచో, ప్రమాదమున మరణించినవారికి 10 లక్షలు, ఆసుపత్రి ఖర్చునకు లక్ష వరకు ఇత్తురు. విజిటింగు వీసా మీద ఏజెంటు పంపినవారికి ఇదియు లేదు. ఏజెంటు మాటను వాక్యము కంటె సులభముగా నమ్ముచున్నామని చెప్పక తప్పదు.

ఆమె ఇల్లు చేరెను. వీధిలో కొందరు "ఏమి తెచ్చినది?" అని అడిగిరి. తిరిగివచ్చిన ఎపఫ్రొదితును సంతోషముతో చేర్చుకొని ఘనపరచుడని పౌలు ఫిలిప్పీయులకు ముందుగానే ఎందుకు వ్రాసెనో ఆ దినమున మనకు బోధపడెను. జబ్బుపడి తిరిగివచ్చువానిని జనము ఎట్లు చూతురో ఆయన ఎరుగును.

ఆరోగ్యశ్రీ (2024 నుండి ఎన్టీఆర్ వైద్యసేవ) ఆసుపత్రి ఖర్చు భరించును గాని, రాత్రి మంచము ప్రక్కను కూర్చుండుటకు మనిషిని పంపదు. ఊరి ఏ.ఎన్.ఎమ్. వచ్చి మన స్త్రీలకు పని నేర్పినది. రెండు గంటలకొకసారి పక్క మార్చవలెను. మడమలు, తుంటి, నడుము క్రింద చర్మము ఎర్రబడెనేమో చూడవలెను, పుండు పడిన తరువాత చూచి ప్రయోజనము లేదు. తల ఎత్తి కూర్చుండబెట్టనిదే నోట ఏమియు పోయరాదు. పొలమారి ఊపిరితిత్తులలోనికి పోవును. బీ.పీ. మాత్ర ఒక్క పూటయు తప్పరాదు. ఆమె పెద్దకుమార్తెకు పరీక్షలు, తల్లికి చూపు లేదు. కాబట్టి రాత్రులు సంఘమునవే.

సోమవారము నుండి గురువారము వరకు స్త్రీల సమాజము వారు ఒప్పుకొనిరి. శనివారము యౌవనస్థులు మంచము ఎత్తుటకు వత్తురు. ఆదివారము పాస్టరమ్మగారు. శుక్రవారపు రాత్రి మాత్రము ఇంకను ఖాళీగా నున్నది.