సంతకము వెనుకనున్న మనస్సు

1860 నవంబరు 16వ తేదీన మదరాసు నుండి బయలుదేరిన ట్రూరో ఓడ డర్బన్ రేవు చేరినది. నాటి నుండి 1911 వరకు నాటాల్ చెఱకు తోటలకు వచ్చిన కూలీలలో తెలుగువారును కలరు. తాము చదువజాలని ఒప్పందపు కాగితముపై గుర్తు పెట్టినవారు వారిలో పెక్కుమంది. గుర్తు పెట్టినంత మాత్రమున వారు మనస్ఫూర్తిగా అంగీకరించినట్లేనా? ఈ ప్రశ్న వారి సంతతి యిండ్లలో నేడు వేఱొక రూపమున నిలిచియున్నది.

ఒక అవ్వను ఊహింపుడు. 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టము వలన పాత నివాసము కోల్పోయి, చాట్స్‌వర్త్‌లోని నగరసభ యింటికి చేరి, ఏండ్ల తరబడి అద్దె కట్టి, తుదకు ఆ యింటినే కొని తన పేర దస్తావేజు పొందినది. మనుమడు ఒక కాగితము తెచ్చి, "ఇచ్చట సంతకము పెట్టు అవ్వా, తక్కినదంతయు నేను చూచుకొందును" అనును. దొంగ యెవడును తలుపు పగులగొట్టలేదు. ఆమెను డాక్టరు వద్దకు తీసికొనిపోవువాడు అతడే, మందులు తెచ్చువాడు అతడే. పింఛను కార్డు ఉన్నదియు అతని జేబులోనే. సంతకము పెట్టకున్న రేపటి నుండి కారు రాదేమోయని ఆమె భయము. ఆ మాటను ఇద్దరిలో నెవరును పైకి అనరు.

నారద స్మృతి చెల్లని దానములను 16 విధములుగా లెక్కించినది. భయముతో, దుఃఖముతో, మోసమునకు లోబడి యిచ్చినవి అందు చేరినవి. అస్వతంత్రుడు ఇచ్చినదియు చెల్లదు. ఈ దేశపు న్యాయమును అదే త్రోవను నడిచినది. వ్యాధిగ్రస్తుడైన ఒక వృద్ధ రైతు, తన వైద్యుని ప్రభావమునకు లోనై పొలములను అతనికి వ్రాసియిచ్చితినని వాదింపగా, ఆ సంగతులు రుజువైనచో బదిలీని రద్దు చేయవచ్చునని అప్పీలు న్యాయస్థానము పలికిన తీర్పు 1956 నాటి న్యాయ నివేదికలలో కలదు. 2010 నుండి అమలులోనున్న వృద్ధుల చట్టము, పెద్దల సొత్తును వారి సమ్మతి లేక అమ్ముటను హింసగానే పరిగణించును. అట్టి అనుమానము కలిగినవారు అధికారులకో పోలీసులకో తెలుపవలెనని ఆదేశించును. వీలునామాకు సాక్షిగా సంతకము చేసినవాడు సాధారణముగా దాని వలన లాభము పొందరాదు. పవర్ ఆఫ్ అటార్నీ అను అధికారపత్రము, ఇచ్చినవారి బుద్ధి సడలిన నాడే చెల్లకపోవును; ఈ సంగతి తెలియక ఆ పత్రముతో ఏండ్ల తరబడి బ్యాంకు వ్యవహారములు నడుపు కుటుంబములు లేకపోలేదు.

అయినను అసలు చిక్కు చట్టములో లేదు. దూరదేశమున నున్న కుమార్తె టెలిఫోనులో, "అమ్మను వాడు దోచుకొనుచున్నాడు" అనును. ఒక్కొక్కప్పుడు అది నిజమే. కాని రాత్రులు మేల్కొని, స్నానము చేయించి, గంజి త్రాగించినవానికే ఆ తల్లి తన యిల్లు ఇయ్యదలచినచో, అందు అన్యాయమేమి? పిల్లలందఱికి సమభాగము పంచి తీరవలెనని ధర్మము ఆమెను నిర్బంధింపదు. ఆమెను కాపాడుదుమని వచ్చి, కార్డును ఒకని జేబు నుండి మఱొకని జేబునకు మార్చిన ఆమెకు దక్కినదేమి? "వద్దు" అని చెప్పియు ఆ రాత్రి అదే ముఖముతో అన్నము వడ్డింపబడునా అని చూడవలెను. కుటుంబమువారెవరును గదిలో లేనప్పుడు, ఆమెయే ఎన్నుకొన్న న్యాయవాది, ఆమెకు బాగుగా తెలిసిన భాషలో కాగితమును చదివి వినిపించవలెను. ఇల్లు ఇచ్చినను, బ్రతికినంతకాలము అందు నివసించు హక్కును దస్తావేజుల కార్యాలయమున నమోదు చేయించుకొనవచ్చును. చాలమంది పెద్దలకు ఈ మార్గమును ఎవరును చెప్పరు.

దేవాలయ సంఘములును ఈ విచారణకు వెలుపల లేవు. భర్త పోయిన పదమూడవ దినమున, కన్నీరు ఆరకమునుపే, ఒక వృద్ధురాలు పెద్ద మొత్తమును గోపురమునకు ఇత్తుననును. అది భక్తియే కావచ్చును. దుఃఖముతో ఇచ్చినదానిని నారదుడు ఏ లెక్కలో చేర్చెనో అర్చకునికి తెలియును. కార్యదర్శి రసీదు పుస్తకమును తెఱవక, మూడు నెలల పిమ్మట ఆమె యింటికి పోయి మరల అడుగవచ్చును.