బెదరిన గుర్రము

నా చిన్ననాట సత్తెనపల్లిలో ఒక జట్కా గుర్రము లారీ హారనుకు బెదరి, బండితో సహా గుంటలో పడెను. గాయము మానినను భయము మానలేదు. బండి కట్టబోగానే వణకుచుండెను. బీదవాడైన ఆ జట్కావాడు కొరడా ఎత్తలేదు, దానిని సంతలో అమ్మలేదు. మిరపకాయ కోతకు కూలికి పోయి మేపెను. “ఇన్నాళ్లు అది మమ్ములను మేపలేదా?” అనెడివాడు.

బిలాము తన గాడిదను ముమ్మారు కొట్టెను. దేవదూతను ముందుగా చూచినది గాడిదయే (సంఖ్యాకాండము 22). బెదురెల్లను మొండితనము కాదు. పనికి తగని పశువుచేత పని చేయించుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రకారము నేరము. చట్టము కొరడాను ఆపగలదు గాని కృతజ్ఞతను పుట్టింపలేదు.

మన బలము ఉడిగిన దినమున ప్రభువు మనలను విడువడని నమ్ముచున్నాము గదా? అట్లయిన, నీ యింట అలసినవారిని నీవెట్లు చూచుచున్నావు?