ముందు వరసలో చక్రాల కుర్చీ



హైదరాబాద్ శివార్లలో శామీర్‌పేట దాటితే తుర్కపల్లి, జీనోమ్ వ్యాలీ. ప్రపంచానికి టీకాలు పంపే నేల అది. అదే దారిలో ఏదో ఒక స్టాపులో, పేరు తెలియని జబ్బున్న బిడ్డను చంకనేసుకుని, ఉబ్బిపోయిన రిపోర్టుల ఫైలు సంచిలో పెట్టుకుని, ఒక తల్లి బస్సు కోసం నిలబడి ఉంటుంది.

అరుదైన వ్యాధులు దాదాపు 7,000 ఉన్నాయంటారు. చాలామందికి జబ్బు పేరు తెలియడానికే ఏళ్లు పడుతుంది. ఆ 7,000కు గుర్తుగానే 2016లో బెంగళూరులో మొదలైన ‘రేస్ ఫర్ సెవెన్’ నడకకు 7 కిలోమీటర్ల దూరం పెట్టారు. ప్రపంచ అరుదైన వ్యాధుల దినం మొదట జరిగింది 2008 ఫిబ్రవరి 29న, నాలుగేళ్లకోసారి వచ్చే తేదీన. ఇప్పుడు ఏటా ఫిబ్రవరి ఆఖరి రోజున జరుపుతున్నారు.

మేడ్చల్ నుంచో, శామీర్‌పేట నుంచో మనమూ ఒక నడక పెట్టుకుందాం. పోలీసు అనుమతి, మంచినీళ్లు, ఒక అంబులెన్సు, ఇంటింటికీ కబురు చేర్చే ఆశా కార్యకర్తలు ఉంటే చాలు. ముందు వరసలో చక్రాల కుర్చీ ఉండాలి. దాని వేగమే అందరి వేగం కావాలి.

పంచే కరపత్రంలో ఈ మాట తప్పక రాయండి: నిమ్స్ ఆసుపత్రి, ఉప్పల్‌లోని డీఎన్‌ఏ పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీ కలిసి మన ప్రాంతానికి అరుదైన వ్యాధుల కోసం గుర్తింపు పొందిన కేంద్రంగా ఉన్నాయి. అరుదైన వ్యాధుల 2021 జాతీయ విధానం కింద, అందులో చేర్చిన వ్యాధులకు 50 లక్షల రూపాయల దాకా సాయం ఉంది.

జబ్బు అరుదైనదే కావచ్చు. తోడు నడిచే మనుషులు మాత్రం అరుదు కాకూడదు.