గల్లీలో జానెడు నేల

ప్రహరీ గోడ ఎక్కడ కట్టాలి, ఎంత ఎత్తు లేపాలి అన్నది మున్సిపాలిటీ వ్యవహారమే గాని దీన్‌తో దానికి పనేముందని కొందరంటారు. నమాజు, రోజాల్లో లోటు రానివ్వని సోదరులు కూడా పునాది తవ్వే రోజున మేస్త్రీతో ‘ఇంకో జానెడు ముందుకు జరుపు’ అనేస్తుంటారు.

షరీఅత్ గోడకు వ్యతిరేకం కాదు. ఉస్మానియా సామ్రాజ్యంలో 1869-1876 మధ్య హనఫీ ఫిఖ్‌హ్ ఆధారంగా కూర్చిన ‘మజల్లా’ 1202వ అధికరణం ప్రకారం పొరుగింటి వంటిల్లు, బావి, లోపలి వాకిలి వంటి స్త్రీలు మసలే చోట్లు కనబడటం తీవ్రమైన హాని. దాన్ని గోడతోనో చెక్క తడికతోనో ఆపాలి.

అయితే దారికీ హక్కుంది. దారి వెడల్పుపై తగాదా వస్తే ఏడు మూరలు వదలాలని దైవప్రవక్త (స) తీర్పునిచ్చినట్లు హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖనం బుఖారీ, ముస్లింలలో ఉంది. అంటే సుమారు పదిన్నర అడుగులు. హైదరాబాద్ పాతబస్తీ గల్లీల్లో ఎన్నింటికి అంత మిగిలింది?

అన్యాయంగా జానెడు నేల ఆక్రమించినవాడి మెడకు ప్రళయదినాన ఏడు భూముల వరకు అది చుట్టబడుతుందన్న హెచ్చరిక మనం విన్నదే. అది పొరుగువాని నేలైతే తిరిగిచ్చి మాఫీ అడగవచ్చు. గల్లీ విషయంలో ఎవరినని అడుగుతాం? జనాజా మోసేవారు, బడిపిల్లలు, ముస్లిమేతర సోదరులు, దారినపోయే పరదేశి, ఇంకా పుట్టనివారు... అందరూ హక్కుదారులే. హుఖూఖుల్ ఇబాద్‌లో ఇంతకంటే తీర్చడం కష్టమైన బాకీ నాకు తోచదు.

‘పర్మిషన్ ఉంది కదా’ అంటారు. తెలంగాణలో 2020లో వచ్చిన టీఎస్ బీపాస్ చట్టం 500 చదరపు మీటర్లలోపు స్థలాల్లో 10 మీటర్ల ఎత్తులోపు ఇళ్లకు యజమాని స్వీయ ధ్రువీకరణ మీదే వెంటనే అనుమతినిచ్చే పద్ధతి తెచ్చింది. స్వీయ ధ్రువీకరణ అంటే మన భాషలో షహాదత్, సాక్ష్యం! మాటకారితనం వల్ల ఇతరుల హక్కు ఎవరికైనా దక్కేలా తాను తీర్పు చెప్పినా దాన్ని తీసుకోరాదని, అది నిప్పు ముక్క అని ప్రవక్త (స) హెచ్చరించారు. ఆయన తీర్పే హలాల్ చేయనిదాన్ని తప్పుడు కొలతలతో, లేదా లంచంతో తెచ్చిన కాగితం హలాల్ చేస్తుందా?

ఇక తండ్రి కట్టిన గోడ అలాంటిదని తెలిసిన వారసుల సంగతి. తర్కా పంచుకునే ముందు దస్తావేజు ముందుంచుకుని టేపుతో కొలవాలి. గల్లీలో ఉన్న ముక్క తర్కాలో చేరదు, కొడుక్కీ కూతురికీ అందులో వాటా లేదు. గోడ వెనక్కి జరిపే ఖర్చును మరణించినవారి అప్పుల్లో కలిపి, పంపకాలకు ముందే తీయడం మంచిదని నా అభిప్రాయం.