పరదేశిని గూర్చిన మాట

ధ్యాన భాగము: నిర్గమకాండము 1:8-22



ఐగుప్తులో ఇశ్రాయేలీయుల శ్రమలు ఒక మాటతో ఆరంభమాయెను. యోసేపును ఎరుగని క్రొత్త రాజు తన జనులతో, ఈ పరదేశులు మనకంటె విస్తరించిరనియు, యుద్ధము కలిగినయెడల శత్రువులతో చేరుదురనియు చెప్పెను. వారు అట్టి ద్రోహము చేసినట్లు వాక్యములో ఎక్కడను లేదు. చేయుదురేమో అను భయమునే రాజు పంచిపెట్టెను. జనులు ఆ భయమును ఇంటికి కొనిపోయిరి. తరువాత వెట్టిచాకిరి వచ్చెను. కడపట మగశిశువులను నదిలో పారవేయవలెనను ఆజ్ఞ వచ్చెను. ఆ ఆజ్ఞ జనులందరికి ఇయ్యబడెనని 22వ వచనము తెలుపుచున్నది. మొదట మాట విన్నవారే చివరకు ఆ క్రియ చేయవలసినవారైరి.

ఇట్టి ద్వేషము మన తెలుగువారును చవిచూచిరి. కోస్తా జిల్లాలనుండి వేలాదిమంది కూలికై రంగూను వెళ్లిరి. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరున బర్మాలో వారిని కోరంగీలనిరి. 1930 మే నెలలో ఓడరేవున తెలుగు కూలీలు సమ్మె చేయగా, యజమానులు బర్మా కూలీలను పనికి పిలిచి, సమ్మె తీరగానే వారిని పంపివేసిరి. అప్పుడు పేదవాడు పేదవానిమీద పడెను. నూరుమందికి పైగా మరణించిరి. 1938లో మరల అల్లర్లు చెలరేగి, ముఖ్యముగా భారతీయ ముసల్మానులు హతులైరి. కొన్ని పత్రికల రెచ్చగొట్టు వ్రాతలను విచారణ సంఘము తప్పుపట్టెను. అయితే పత్రిక కత్తి పట్టదు, చదివినవాడు పట్టును.

వచ్చినవారు మన కూడు తినుచున్నారని నేడును అనేక దేశములలో ఓట్లు అడుగువారు చెప్పుచున్నారు. మన పిల్లలు ఆ దేశములలో ఉన్నారు గనుక ఆ వార్త వినగానే మన గుండె అదరుచున్నది.

మరి మన ఊరి సంగతి ఏమి? ఇటుక బట్టీలకు ఒడిశానుండియు, వరినాట్లకు బీహారునుండియు జనులు వచ్చుచున్నారు. ఆ మధ్య ఒక మేక కనబడకపోగా, ఆరాధన ముగిసిన వెంటనే మందిరపు అరుగుమీదనే, బట్టీవాళ్లే దొంగిలించిరని కొందరనిరి. మేము విని ఊరకుంటిమి. మూడవ దినమున మేక తానే ఇల్లు చేరెను. కాని పెదవి దాటిన మాట పృథివి దాటును గదా! ఆ మూడు దినములు బట్టీ స్త్రీలను బోరింగు దగ్గర నీళ్లు పట్టుకొననియ్యలేదు. మా మౌనమునకును ఆ పాపములో పాలున్నది. మేము వెళ్లి వారిని క్షమాపణ అడిగితిమి.

విన్నంతమాత్రాన పాపమా అని మీరడుగవచ్చును. వినుట పాపము కాదు. విచారింపక నమ్ముటయు, నమ్మి మరియొకరికి అందించుటయు పాపము. మంత్రసానులైన షిఫ్రా, పూయా కూడ రాజు మాట వినిరి. వారు దేవునికి భయపడిరి గనుక ఆ మాట వారి చేతులలోనికి దిగలేదు.

పరదేశిని మనవలెనే ప్రేమింపవలెనని లేవీయకాండము 19:34లో దేవుడు ఆజ్ఞాపించెను. మన ప్రభువు పసితనమున ఐగుప్తులో పరదేశిగా నుండెను. కాబట్టి "వాళ్లంతా అంతే" అని ఎవరైన అన్నప్పుడు, "నీవు చూచితివా?" అని అడుగుదము. మందిరపు అరుగుమీద ఆ ఒక్క ప్రశ్న అడుగు ధైర్యము ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.