వ్యసనమను మాటకు రెండర్థములు

వ్యసనమను సంస్కృతపదమునకు చెడ్డ యలవాటనియు, ఆపదయనియు రెండర్థములును గలవు. తెనుగున మనము మొదటిదానినే వాడుకొని రెండవదానిని నిఘంటువులకు విడిచితిమి. ఈ విడుపువలన నొక యింట జరిగిన యన్యాయమున మేమును భాగస్థులమైతిమి గనుక నీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మాకు దగ్గర బంధువొకామె కలదు, విద్యావతి, ఉద్యోగిని. ఆమె బీరువాలో మడత విప్పని చీరలు నలువదికి పైగా నుండెను. మంచము క్రింద తెరవని పెట్టెలు. అర్ధరాత్రమున ఫోనులో వస్తువు నెంచి డబ్బు చెల్లించునప్పుడు గుండె తేలికపడెడిదట. పెట్టె గుమ్మము చేరుసరికి సిగ్గు. ఆ సిగ్గు నణచుటకు మరల కొనుట. మూడు క్రెడిట్ కార్డుల బాకీ భర్తకు తెలిసిన దినమున పెద్దలము కూడితిమి. సప్తవ్యసనములలో ధనమును వ్యర్థపుచ్చుటయు నొకటియని మేము ధర్మోపన్యాసము చేసితిమి. ఆమె తలవంచుకొని వినెను. అంతకంటె ఫలమేమియు గానరాలేదు.

విలాసమునకును నీ జాడ్యమునకును భేదము గలదు. విలాసి కొన్నదానిని గట్టుకొని పదిమందికి జూపును, ఈమె దాచును. పండుగకు చీర కొన్నవారినెల్ల రోగులనుట హాస్యాస్పదము. కాని మానవలెనని పలుమారు యత్నించి మానలేకపోవుట, అప్పు పెరుగుచున్నను ఆగకుండుట, ఇంటివారితో బొంకుట కనబడినచో సందేహింపవలెను. జర్మను వైద్యుడు ఎమిల్ క్రెపెలిన్ నూరేండ్లకు పూర్వమే యీ కొనుగోలు పిచ్చిని వర్ణించెను. 2022లో అమలులోనికి వచ్చిన ప్రపంచారోగ్యసంస్థవారి రోగపట్టిక దీనిని ప్రేరణను నిగ్రహింపలేని రుగ్మతల కుదాహరణముగా బేర్కొన్నది. అమెరికా మనోవైద్యుల 2013 నాటి గ్రంథము ప్రత్యేకరోగముగా నంగీకరింపలేదు. పండితులు వాదులాడుకొనుచున్నంతమాత్రమున బాధ యబద్ధమగునా?

రోగమన్నచో బాధ్యత తొలగిపోవును గదాయని మా మిత్రుడొకడు కోపించెను. మధుమేహమున్నవానిని మనము నిందింపము; అయినను తీపి మానవలసినవాడు వాడే. ఈమెయు నట్లే. బాకీ తన జీతమునుండియే తీర్చుచున్నది. కార్డులు తానే కత్తిరించినది. ఫోనులోని యంగళ్లను తొలగించినది.

ఆమెకు దారి చూపినది మేము కాము. 2022లో కేంద్రప్రభుత్వము నెలకొల్పిన టెలి మానస్ సంఖ్య 14416నకు ఒక రాత్రి తానే ఫోను చేసెనట. అచ్చట తెలుగున మాటలాడువారు దొరికిరి. పిమ్మట మనోవైద్యుని జూచెను. లోపల దాగియున్న దిగులునకు మందును, ఆలోచనలను అలవాట్లను సరిదిద్దు మాటల చికిత్సయు జరుగుచున్నవి. కోరిక యెప్పుడు, దేని వెనుక పుట్టినదో వ్రాసికొనుట యందొక భాగము. పాత కొనుగోళ్లను గూడ జ్ఞాపకము చేసికొని వ్రాయుమనిరట.

మొన్న మేము క్షమాపణ చెప్పుకొనబోగా నామె యేమియు ననక యా నోటుపుస్తకమును మా చేతికిచ్చెను. ఒక పుటలో మేము మందలించిన నాటి తేదీయు, దాని కెదురుగా నొక చీర వెలయు నుండెను.